రైతెవరు, కూలెవరు? మన ఇంటి లెక్క మనమే రాసుకుందాం

(ఉదయగిరిలో జరిగిన సంఘం శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



అధ్యక్షులవారు మమ్మల్ని 'రైతు కుటుంబాల ఆర్థిక స్థితి, సర్వేలు ఏం చెబుతున్నాయి' అన్న విషయం మీద మాట్లాడమన్నారు. మేము చదివింది పదో తరగతి. సర్వే అంటే మనకు గొలుసు పట్టుకుని పొలం గట్ల మీద తిరిగే సర్వేయరే గుర్తొస్తాడు. ఆయన భూమిని కొలుస్తాడు. ఇప్పుడు చెప్పబోయేది మన బతుకును కొలిచిన సర్వేల గురించి. అంకెలు కొన్ని ఉంటాయి. విసుక్కోకుండా వినండి. ఆ అంకెల్లో ఉన్నది మనమే.

ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట మా ఊరి గ్రామసభలో మేము లేచి మాట్లాడాం. 'కరువు పని వచ్చినాక పొలాల్లోకి కూలోళ్లు దొరకడంలేదు, రేట్లు పెంచేశారు, దాన్ని ఆపండి' అని గట్టిగా అన్నాం. చప్పట్లు కూడా కొట్టారు. అప్పుడు మా ఇంట్లో ఆమె ఏమీ అనలేదు. ఆశ్వీజం వచ్చింది, రెండు వానలు పడ్డాయి, మినుము విత్తాలి. చేతిలో పైసా లేదు. విత్తనాల అంగడిలో పాత బాకీ తీరిస్తేగానీ కొత్తది ఇవ్వనన్నారు. ఆ రాత్రి ఆమె బియ్యం డబ్బాలోంచి పాస్‌బుక్ తీసి ముందు పెట్టింది. 'వేసవిలో నేను చెరువు పూడికకు పోయి సంపాదించిన దుడ్లు ఇవి. నువ్వు సభలో లేచి ఆపమన్నది దీన్నేనయ్యా' అంది. ఆ ఏడాది మా చేలో పడిన మినుము గింజ కరువు పని డబ్బుతో కొన్నదే. మేము రైతులమనీ, కరువు పనికి పోయేవాళ్లు వేరే ఎవరో అనీ ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాం. ఇద్దరం ఒకే పొయ్యి దగ్గర అన్నం తింటున్న సంగతి మరిచిపోయాం.

ఇది మా ఒక్క ఇంటి సంగతేనా అని అనుమానం వచ్చి, సంఘం ఆఫీసులో ఉన్న కాగితాలు తిరగేశాం. కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖవాళ్లు 2019లో దేశమంతా రైతు కుటుంబాల దగ్గరకు వెళ్లి, ఒకే ఇంటికి రెండుసార్లు పోయి లెక్క రాసుకున్నారు. 2018 జూలై నుంచి 2019 జూన్ వరకు ఒక పంటకాలం లెక్క అది. నివేదిక 2021 సెప్టెంబరులో బయటికి వచ్చింది. అందులో మొదట మాకు నచ్చిన సంగతి ఏమిటంటే, రైతు కుటుంబమని ఎవరిని అనాలో పాసుపుస్తకం చూసి తేల్చలేదు. ఏడాదిలో సాగు మీదో, పాడి మీదో, జీవాల మీదో 4,000 రూపాయలకు మించి సరుకు తీసి, ఇంట్లో ఒక్కరైనా సొంతంగా ఆ పని చేసుకుంటూ ఉంటే చాలు, అది రైతు కుటుంబమే. కౌలుదారు వస్తాడు, నాలుగు బర్రెలు మేపుకునే ఆమె వస్తుంది. మన ఆఫీసుల్లో మాత్రం ఈ బుద్ధి ఇంకా రాలేదు.

ఇక ఆదాయం. దేశం మొత్తం మీద సగటున ఒక రైతు కుటుంబానికి నెలకు 10,218 రూపాయలు వస్తోందని తేల్చారు. అది ఎక్కడెక్కడి నుంచి వస్తోందో కూడా విడగొట్టారు. పంట మీద వచ్చేది 3,798 రూపాయలు. పాడి, జీవాల మీద 1,582. వ్యవసాయం కాని చిన్న వ్యాపారాల మీద 641. భూమి కౌలుకిస్తే వచ్చేది 134. మిగిలిన 4,063 రూపాయలు కూలి, జీతం. ఇంకోసారి చెబుతాం, వినండి. రైతు కుటుంబానికి పంట కంటే కూలే ఎక్కువ తెచ్చి పెడుతోంది. అంతకుముందు 2012-13లో ఇదే సర్వే చేసినప్పుడు లెక్క తిరగబడి ఉంది. అప్పుడు నెలకు 6,426 వస్తే అందులో పంటది 3,081, కూలిది 2,071. ఆ ఆరేళ్లలో పంట రెండో స్థానానికి పోయింది, కూలి మొదటి స్థానానికి వచ్చింది. మనం మాత్రం సభల్లో ఇంకా 'మేము రైతులం, వాళ్లు కూలోళ్లు' అని మాట్లాడుతూనే ఉన్నాం.

మన రాష్ట్రంలో ఆ సర్వే లెక్క ప్రకారం నెలకు 10,480 రూపాయలు. దేశం సగటుకు అటూ ఇటూగా ఉంది కదా, బాగానే ఉందిలే అనుకోవద్దు. అప్పు చూడండి. దేశంలో సగటున రైతు కుటుంబం మీద 74,121 రూపాయల అప్పు ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 2,45,554 రూపాయలు. దేశంలో ఇదే అన్నిటికంటే ఎక్కువ. నూటికి 93 కుటుంబాలకు పైగా అప్పులో ఉన్నాయి. ఆదాయం అందరిలాగే, అప్పు మూడింతలు. అందులో సగాన్ని బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చామనుకోండి, నెలకు వడ్డీయే 2,450 రూపాయల దాకా అవుతుంది. నూటికి రెండంటే చిన్నదిగా వినబడుతుంది గానీ ఏడాదికి ఇరవై నాలుగు. మూడు రూపాయల వడ్డీ అయితే ముప్పై ఆరు. ఏ పంట వేస్తే ఏడాదికి పెట్టుబడి మీద నూటికి ముప్పై ఆరు మిగులుతుందో మీరే చెప్పండి.

ఇంకో లెక్క. పంట మీద వచ్చే 3,798ని రోజుకు కడితే 127 రూపాయలు కూడా కాదు. అది ఇంటిల్లిపాదికీ కలిపి. ఆ ఏడాది మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 205 రూపాయలు, అదీ ఒక్క మనిషికి. 2025-26లో అది 307 అయింది. కొలతలు సరిగా పడితేనే ఆ 307 చేతికొచ్చేది. మన మెట్టలో గరప నేల. గునపం వేస్తే నిప్పురవ్వలు లేస్తాయి. డెల్టాలో మెత్తటి మట్టి తీసినవాళ్లతో సమానంగా ఇక్కడ క్యూబిక్ మీటర్లు తీయమంటే ఎవరి వల్ల అవుతుంది? అందుకే చాలామందికి ఆ పూర్తి కూలి రాదు. అయినా సరే, ఎండలో మట్టి తవ్వితే వచ్చేది, సొంత చేను దున్నితే వచ్చేదాని కంటే ఎక్కువగా ఉంది. ఇందులో తప్పు కరువు పనిదా, పంట ధరదా?

ఈ సర్వేలో మన ప్రాంతం కొంత కనబడదు కూడా. ఇందాక చెప్పిన అయిదు గడుల్లో కువైట్ నుంచి వచ్చే డబ్బుకు గడి లేదు. వృద్ధాప్య పింఛనుకు లేదు. మన ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతంలో ఎన్ని ఇళ్లు ఆ రెండింటి మీద నిలబడి ఉన్నాయో మీకు తెలుసు. పిల్లలు బెంగళూరులో, చెన్నైలో బేల్దారి పనిలో ఉంటారు. కోడలు కువైట్‌లో ఎవరి ఇంట్లోనో అంట్లు తోముతూ ఉంటుంది. ఏజెంటుకు కట్టిన డబ్బు తీరడానికే చాలాకాలం పడుతుంది. ఇక్కడ ముసలివాళ్లు మనవళ్లను పెట్టుకుని, రెండెకరాలు బీడు పెట్టకూడదని సజ్జో కందో చల్లుతారు. ఎవరైనా అడిగితే 'మాది వ్యవసాయం' అంటారు. అబద్ధం కాదు. కానీ ఆ వ్యవసాయాన్ని బతికిస్తున్నది గల్ఫ్ చాకిరీ.

ఈ ఊరి చెక్క చెంచాల సంగతీ అంతే. ఉదయగిరి చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివి సంతోషించాం. దుర్గం కొండ చుట్టుపక్కల అడవి కర్ర తెచ్చి, ఇంట్లో కూర్చుని ఆడవాళ్లు గీకి, నునుపు చేసి, చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చేస్తారు. ఊళ్లకు పోయి ఎగ్జిబిషన్లలో అమ్మేసరికి వాటి ధర వేరు, చేసినామెకు వచ్చేది వేరు. రోజుకు ఎన్ని గంటలు కూర్చుందో ఎవరూ రాయరు. సర్వేలో అది 'వ్యాపారం' అన్న గడిలో పడిపోతుంది. దాన్ని వ్యాపారమంటే ఆమె నవ్వుతుంది.

ఇక్కడ ఒకరిని తలుచుకోవాలి. మన జిల్లావాడే, విడవలూరు మండలం అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్యగారు. ఆయన పోరాటాలు అందరికీ తెలుసు. ఆయన ఊళ్ల సర్వేలు చేసిన సంగతి తక్కువమందికి తెలుసు. 1974లో గుంటూరు జిల్లాలో అనంతవరం, కాజ గ్రామాల్లో ఇంటింటి లెక్క తీయించారు. ఎవరికి ఎన్ని ఎకరాలు ఉన్నాయో రాసుకుని ఊరుకోలేదు. ఆ ఇంటివాళ్లు సొంత పొలంలో ఎంత పని చేస్తారు, ఎంత పని కూలికి పెట్టి చేయిస్తారు, ఎంత కాలం వాళ్లే కూలికి పోతారు అని అడిగారు. మనిషిది ఏ వర్గమో చేతి కాయలను బట్టి తేల్చాలని ఆయన ఉద్దేశం. ముప్పై ఏళ్ల తరవాత, 2005-06లో, ఫౌండేషన్ ఫర్ అగ్రేరియన్ స్టడీస్ అనే పరిశోధన సంస్థవాళ్లు అదే అనంతవరానికి మళ్లీ వెళ్లారు. దాంతోపాటు అనంతపురం జిల్లా బుక్కచెర్లలో, కరీంనగర్ జిల్లా కొత్తపల్లెలో కూడా ఇంటింటి లెక్క రాశారు. వాళ్లకు గ్రామాల్లో తోడు నడిచింది రైతు సంఘం, వ్యవసాయ కార్మిక సంఘం కార్యకర్తలే. పంటవారీగా ఖర్చు, మనిషివారీగా పని దినాలు, అప్పు ఎవరి దగ్గర ఎంత వడ్డీకి, అన్నీ ఓపిగ్గా అడిగి పుస్తకంగా వేశారు. పెద్ద చదువులు చదివినవాళ్లు లెక్క కట్టవచ్చు గానీ, గడప తొక్కి నిజం రాబట్టాలంటే ఊరివాళ్లే కావాలి. అప్పు ఎంతని అడిగితే ఏ రైతూ మొదటిసారి నిజం చెప్పడు. మేమూ చెప్పం.

ఇంకొక పాత సంగతి కూడా చెప్పాలి. ఇది మన దేశానిది కాదు. ఇంగ్లండులో యార్క్ అనే పట్టణంలో 1899లో సీబోమ్ రౌంట్రీ అని ఒకాయన పేదల ఇళ్ల లెక్క తీయించాడు. చాక్లెట్లు చేసే కంపెనీ యజమాని కొడుకు ఆయన. మనలాంటి సంఘంవాడేమీ కాదు. ఆ రోజుల్లో అక్కడి దొరలందరూ పేదలు తాగుడు వల్ల, సోమరితనం వల్ల పేదలయ్యారని అనేవాళ్లు. ఈయన లెక్క తీస్తే, తిండికి, గుడ్డకు, నీడకు కూడా చాలని కటిక పేదరికంలో ఉన్నవాళ్లలో సగం మందికి పైగా ఇళ్లలో సంపాదించే మనిషి రోజూ పనికి పోతూనే ఉన్నాడు. వచ్చే కూలే చాలడంలేదు. నూట ఇరవై ఏళ్ల కిందటే తేలిన విషయమిది. మన ఊరి అరుగు మీద ఇంకా తేలలేదు. 'బియ్యం ఇచ్చి, పింఛన్లు ఇచ్చి జనాన్ని సోమరులను చేశారు' అని అనేవాళ్లలో మన సంఘం సభ్యులూ ఉన్నారు. వాళ్లను ఒక్కటే అడుగుతున్నాం. తెల్లవారుజామున నాలుగింటికి లేచి వంట చేసి, ఆరింటికి కరువు పనికి పోయి, ఎండెక్కేసరికి వచ్చి, బర్రెకు గడ్డి కోసుకొచ్చి, సాయంత్రం పొగాకు తోటలో నీళ్లు కట్టే ఆమె సోమరా?

ఆడవాళ్ల పని మీద కూడా ఒక సర్వే ఉంది. 2019లోనే దేశమంతా చేశారు. మనిషి రోజులో ఇరవై నాలుగు గంటలూ దేనికి పోతున్నాయో అడిగారు. కూలి లేని ఇంటి పనుల్లో పాలుపంచుకునే ఆడవాళ్లు నూటికి 81 మంది. వాళ్లకు రోజుకు 299 నిమిషాలు, అంటే ఇంచుమించు అయిదు గంటలు దానికే పోతున్నాయి. మగవాళ్లలో ఇంటి పని ముట్టుకునేవాళ్లు నూటికి 26 మంది. ముట్టుకున్నవాళ్లయినా చేసేది 97 నిమిషాలు. (నవ్వులు) నవ్వుతున్నారు గానీ, ఈ సభకు వచ్చిన మగవాళ్లలో పొద్దున నీళ్లు పట్టి, ఇల్లు ఊడ్చి బస్సెక్కినవాళ్లు చేతులెత్తండి. చాలు, దించండి.

ఇప్పుడు ధర దగ్గరికి వద్దాం. మన చాకిరీకి విలువ కడతారా కట్టరా అన్నది తేలేది ఇక్కడే. కనీస మద్దతు ధర నిర్ణయించేటప్పుడు ఢిల్లీలో సాగు ఖర్చును కొన్ని రకాలుగా లెక్క వేస్తారు. విత్తనం, ఎరువు, మందులు, ట్రాక్టరు బాడుగ, కూలోళ్లకు ఇచ్చింది, ఇలా చేతినుంచి పోయిన డబ్బంతా ఏ2 అంటారు. దానికి ఇంటివాళ్లు చేసిన పని విలువ కలిపితే ఏ2 ప్లస్ ఎఫ్‌ఎల్. సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా కలిపితే సి2. స్వామినాథన్‌గారి కమిషన్ ఖర్చుకు సగం కలిపి ధర ఇవ్వాలంది. మనం అడుగుతున్నది సి2కు సగం కలపమని. సర్కారు ఇస్తున్నది ఏ2 ప్లస్ ఎఫ్‌ఎల్‌కు సగం కలిపి. 2025-26 ఖరీఫ్‌కు మామూలు రకం వడ్లకు ఆ ఖర్చు క్వింటాలుకు 1,579 అని తేల్చి, సగం కలిపి 2,369 రూపాయలు ప్రకటించారు.

ఇందులో మనం గమనించనిది ఒకటుంది. ఇంటివాళ్ల పనికి విలువ దేన్నిబట్టి కడతారు? ఊళ్లో నడిచే కూలి రేటును బట్టి. కూలి రేటు తక్కువగా ఉంటే, మన ఇంటి ఆడవాళ్ల పని విలువా కాగితం మీద తక్కువగానే పడుతుంది. ఖర్చు తగ్గినట్టు కనబడుతుంది. మద్దతు ధరా తగ్గుతుంది. అంటే కూలోళ్ల రేటు తొక్కిపెడితే మన ధరను మనమే తొక్కిపెట్టుకున్నట్టు. ఇందాక చెప్పిన సర్వేలోనే ఇంకో అంకె ఉంది. ఇంటి చాకిరీ, సొంత సరుకుల వంటివాటికి కూడా విలువ కట్టి తీసేస్తే, నెలకు 10,218 అన్నది 8,337కు దిగిపోతుంది. మనం రాబడి అనుకుంటున్నదాంట్లో కొంత నిజంగా రాబడి కాదు, మనకు మనం ఇచ్చుకోని కూలి.

'మరి కూలి పెరిగితే మనకు భారం కాదా?' అని వెనక నుంచి ఎవరో అడుగుతున్నారు. భారమే. మేము కాదనం. కలిగిరి, డి.సి.పల్లి వేలం కేంద్రాలకు పొగాకు పంపేవాళ్లను అడగండి. నాటు దగ్గర నుంచి, ఆకు కోత, కర్రలకు అల్లడం, బ్యారన్‌కు ఎక్కించడం, రాత్రంతా మంట చూసుకోవడం, గ్రేడు చేయడం, అన్నిటికీ మనుషులే కావాలి. ఆకు పండినరోజు కూలోళ్లు రాకపోతే చేనులోనే పాడైపోతుంది. ఆ బాధ మాకు తెలుసు. కానీ ఆ భారం మోయాల్సింది ధర. సిగరెట్టు ధర తగ్గిన రోజు మేము చూడలేదు. వేలంలో ఆకు ధర మాత్రం ఏ ఏడాదికి ఆ ఏడాది కొనేవాళ్ల దయ. కొనేవాడిని అడగలేక, పక్కింటి కూలిమనిషి మీద పడుతున్నాం. ఆమె మనకు అందుబాటులో ఉంది కాబట్టి.

ఇంకొక సంగతి. మన మెట్టలో ప్రధానంగా విత్తేది ఈశాన్య రుతుపవనాల వానలకు. ఆశ్వీజ కార్తీకాల్లో. కరువు పని జోరుగా నడిచేది ఏప్రిల్, మే, జూన్‌లో. ఆ మూడు నెలలు మన చేలల్లో ఏం పని ఉంటుంది? బోరు ఉన్నవాళ్ల నిమ్మ, బత్తాయి తోటలు తప్పితే పశువులు తిరిగే బీళ్లే. కాబట్టి పొలం పనికీ కరువు పనికీ పోటీ అన్నమాట డెల్టాలో ఎంత నిజమో గానీ, ఇక్కడ ముప్పాతిక భాగం అపోహ. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. అప్పుడు పుట్టిన పిల్లలకు ఇప్పుడు పిల్లలున్నారు. సోమశిల మన అనంతసాగరం మండలంలోనే ఉన్నా, ఆ నీళ్లు కిందికి పోతాయి, మన మెట్టకు ఎక్కవు. హైలెవెల్ కాలువ కోసం అడుగుతూనే ఉన్నాం. నీళ్లు వచ్చినరోజు, వేసవిలోనూ పొలంలో పని ఉన్నరోజు, ఈ పోటీ గురించి మళ్లీ మాట్లాడుకుందాం.

ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ మొదలుపెట్టారు. ఆ చట్టంలో ఇంటికి ఏడాదికి వంద రోజులు పని అన్నారు. అడిగిన పదిహేను రోజుల్లో పని చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. ఈ భృతి ఎంతమందికి వచ్చిందో చెప్పండి. అడిగినట్టు రసీదు మన చేతిలో ఉండదు, కాబట్టి అడగనట్టే. 2023 నుంచి ఫోనులో ఫొటో తీసి హాజరు వేసే పద్ధతి తప్పనిసరి చేశారు. మన కొండవార పల్లెల్లో సిగ్నల్ రాకపోతే పని చేసినా చేయనట్టే. 2024 జనవరి నుంచి ఆధార్ ముడిపడిన ఖాతాకే డబ్బు. పేరులో ఒక అక్షరం తేడా ఉంటే ఎన్ని ఆఫీసులు తిరగాలో ఇక్కడున్న అక్కలకు తెలుసు. సభలో లేచి కరువు పని ఆపమన్న మాలాంటివాళ్లు, ఆ నోరు ఈ రసీదు కోసం, ఈ సిగ్నల్ కోసం పెట్టి ఉంటే బాగుండేది.

కౌలు రైతుల మాట. 2019 చట్టం ప్రకారం సాగుదారు హక్కు పత్రం కావాలంటే భూయజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. గడువు పదకొండు నెలలు. యజమాని హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటాడు. ఫోను చేస్తే 'చూద్దాంలే' అంటాడు. సంతకం పెడితే భూమి పోతుందేమోనని భయం. పత్రం లేకపోతే బ్యాంకు అప్పు లేదు, బీమా లేదు, నష్టపరిహారం లేదు. 2004లో మన రాష్ట్రంలో జయతీ ఘోష్‌గారి అధ్యక్షతన వేసిన రైతు సంక్షేమ కమిషన్ అప్పుడే కౌలుదార్లను గుర్తించమంది. ఇరవై ఏళ్లు దాటింది. ఈ రోజుకీ కౌలు రైతు రెండు రూపాయలు, మూడు రూపాయల వడ్డీకే పోతున్నాడు. ఆయన చనిపోతే రైతు అని నిరూపించడానికి ఆయన భార్య తిరగాలి.

ఇక ఇప్పుడు మనం చేయాల్సిన పని. మన ప్రాంతంలో లెక్క కట్టి గెలిచినవాళ్లున్నారు. కలిగిరి మండలం దూబగుంట ఇక్కడికి దగ్గరే. 1992లో ఆ ఊరి ఆడవాళ్లు రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూ, మగవాళ్ల కూలి ఎంత వస్తోంది, సారా అంగడికి ఎంత పోతోంది, ఇంటికి ఎంత చేరుతోంది అని మాట్లాడుకున్నారు. రోశమ్మగారి వంటివాళ్లు ముందు నిలిచి అంగడి మూయించారు. అది జిల్లా అంతా, రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ ఉద్యమం వెనకే రోజుకు రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలు మన జిల్లాలో పుట్టాయి. ఆ తరవాత అదే పొదుపు సంఘాల ఆడవాళ్ల ఇళ్లకు మైక్రోఫైనాన్స్ కంపెనీలవాళ్లు వచ్చి వారానికోసారి గడపలో కూర్చున్నారు. ఆత్మహత్యలు జరిగాక 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కట్టడి చేయాల్సి వచ్చింది. ఇప్పుడు వేరే పేర్లతో, ఫోనులోనే అప్పులు ఇస్తున్నారు. దూబగుంట ఆడవాళ్లు వేసినట్టు మళ్లీ లెక్క వేయాల్సిన పని మన మీద పడింది.

అందుకని జిల్లా కమిటీ ఒక పని పెట్టుకుంది. ఈ ఏడాది ఆశ్వీజం నుంచి వచ్చే వేసవి చివరి వరకు ప్రతి సభ్యుడి ఇంట్లో ఒక నోటు పుస్తకం రాయాలి. పంట ఖర్చు ఒక్కటే రాస్తే చాలదు, అది మనకు అలవాటే. ఏ రోజు ఇంట్లో ఎవరు ఎక్కడ పని చేశారు, సొంత చేలోనా, కూలికా, కరువు పనికా, ఎన్ని గంటలు, ఎంత వచ్చింది, అది రాయాలి. ఒకరికొకరు సాయం పోయిన రోజులూ రాయాలి. బెంగళూరు నుంచి, కువైట్ నుంచి ఎంత వచ్చింది, అది దేనికి పోయింది. అప్పు ఎంత, ఎవరి దగ్గరన్నది రాయకపోయినా ఫరవాలేదు, వడ్డీ ఎన్ని రూపాయలో మాత్రం తప్పకుండా రాయండి. బంగారం తాకట్టు పెడితే ఎన్ని గ్రాములో రాయండి. పిల్లలు హైస్కూల్లో ఉంటే వాళ్ల చేత రాయించండి. మేము ఆరు నెలలుగా రాస్తున్నాం. మా ఇంట్లో మొదటి నెలలోనే ఒక గొడవ జరిగింది. బర్రె పని ఎవరిదని రాయాలో తేలలేదు. పాలు పిండేది ఆమె, గడ్డి తెచ్చేది ఆమె, పేడ తీసేది ఆమె. పాల కేంద్రం చీటీ మాత్రం మా పేరు మీద ఉంది. చివరికి గంటలు ఆమెవి, డబ్బు ఇద్దరిదీ అని రాశాం. పాల కేంద్రంలో పేరు మార్చడానికి దరఖాస్తు పెట్టాం, ఇంకా మారలేదు.

ఈ పుస్తకాలన్నీ వేసవి అయ్యాక ఒకచోట కలుపుతాం. పేర్లు బయటపెట్టం. కలెక్టరుగారి దగ్గరికి పోయినా, రుణాల కోసం బ్యాంకుల సమావేశానికి పోయినా, మద్దతు ధర మీద మాట్లాడినా, మన ఉదయగిరి మెట్ట లెక్క ఇదీ అని చేతిలో ఉంటుంది. ఢిల్లీ సర్వే సగటు చెబుతుంది. సగటులో మన గరప నేల ఉండదు.

పుస్తకాలు బయట బల్ల మీద పెట్టించాం. ఇంటికొకటి తీసుకోండి. ఆత్మకూరు వైపువాళ్లు కట్టగా తీసుకుపోయి ఊళ్లలో పంచండి. భోజనాలయ్యాక ఎలా రాయాలో వింజమూరు నుంచి వచ్చిన టీచరమ్మ చూపిస్తుంది. మొదటి పేజీలో ఇంటి యజమాని పేరు అని గీత ఉంది, దాని పక్కన రెండో గీత మేమే గీయించాం. రెండు గీతల మీదా రెండు పేర్లూ రాయండి.